మణికట్టులో లూజు

కాఫీ మళ్లీ ఒలికింది.

ఎర్ల్ నోటిదాకా వచ్చిన బూతు మింగి, తీగల గ్లోవు విప్పి పడేసి, రోబో చేతిలోంచి కప్పు లాక్కున్నాడు. నడుము దాకా మనిషి ఆకారం, రెండు చేతులు, అయిదేసి వేళ్లు. గ్యారేజిలో కూర్చుని ఒక్కో కీలూ తనే చేశాడు. గ్లోవు తొడుక్కున్నవాళ్లు చెయ్యి ఎలా ఆడిస్తే ఇదీ అలాగే ఆడుతుంది. భుజం చక్కగా లేస్తుంది. మోచెయ్యి చక్కగా వంగుతుంది. మణికట్టుకే ఏదో తెగులు పట్టింది. కప్పు ఇస్తే చాలు, గడగడలాడి సగం బల్లమీద పోస్తుంది.

శనివారం విండ్సర్ యూనియన్ హాల్లో ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్ పాతవాళ్లంతా కలుస్తున్నారు. తన రోబో అందరికీ కాఫీ అందిస్తుందని ఎర్ల్ ముందే చాటేశాడు. అక్కడ ఇలా ఒలకబోస్తే ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కలేడు. ఎందుకంటే ఆ టూల్‌రూములో ఎర్ల్ చేతికి ఒక పేరుండేది. కొలిచే గేజి చెప్పేదాని మీద అనుమానం వస్తే ఎర్ల్‌ని పిలిచి, వేలితో తడిమి చెప్పమనేవాళ్లు. రిటైరైనా ఆ పేరు మాత్రం ఇంటికి తెచ్చుకుని భద్రంగా దాచుకున్నాడు.

అతనికి తెలిసిన శాస్త్రం ఒక్కటే. యంత్రం ఊగుతోందంటే ఎక్కడో లూజుంది. వెతికి పట్టుకోవాలి. మణికట్టు విప్పి బేరింగులు మార్చాడు. కుదరలేదు. పళ్లచక్రాలు మళ్లీ కోశాడు. ఊహూ. మధ్యలో స్క్రూలు జారి బల్లకింద దొర్లుతుంటే, ఈ రోజుల్లో స్క్రూలు చేసేవాళ్లకి పని రాదని తిట్టాడు. టంకం ముద్దలు ముద్దలుగా పడుతుంటే కొత్త సోల్డరింగ్ ఐరన్‌ని తిట్టాడు. అన్నీ తనమీదే పగబట్టినట్టున్నాయి.

భార్య నోరీన్ ఒక డోనట్, సగం కప్పు కాఫీ తెచ్చి పెట్టింది.

"ఈ కొంపలో నిండు కప్పుకి కూడా కరువొచ్చిందా?"

"చల్లారిపోతుందని సగమే పోశాను. అయిపోతే మళ్లీ పోస్తాగా."

ఆవిడతో ఈ మధ్య అన్నీ ఇవే గొడవలు. అతని బొత్తాల చొక్కాలన్నీ ఎవరికో ఇచ్చేసి జిప్పు స్వెటర్లు కొనిపెట్టింది. అడిగితే, చలికి ఇవే నయం అంది. రోబోని 'ఇల్లరికపు అల్లుడు' అంటుంది. వాడి మూలంగా కారు బయట మంచులో నానుతోందనీ, వాడు మాత్రం లోపల వెచ్చగా కూర్చుని కాఫీ పారబోస్తున్నాడనీ సాధిస్తుంది.

"శనివారం అయిపోతే నేను చెప్పినచోటికి వస్తానన్నావు. గుర్తుందా?" అంది నోరీన్.

ఇంకెక్కడికి, సడ్‌బరీలో వాళ్లక్క ఇంటికే అయ్యుంటుంది. ఇంత మంచులో ఆ మహాతల్లి కబుర్లు వినడానికి అంత దూరం. తలుచుకుంటేనే ఎర్ల్‌కి ఒళ్లు మండింది.

"వస్తాలే. ముందు దీని సంగతి తేలనీ."

మర్నాడు గాస్టన్, వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపించే డయల్ గేజి పట్టుకుని వచ్చాడు. టూల్‌రూములో ఎర్ల్ పక్క బెంచీ అతనిది. కరెంటు తీయించి, గేజి ఆనించి, మణికట్టుని అటూ ఇటూ గట్టిగా తోశాడు. ముల్లు కదల్లేదు.

"ఇందులో లూజెక్కడుందిరా? నా కట్టుడు పళ్లకన్నా గట్టిగా ఉంది."

"అయితే నీ గేజి పోయింది."

"పోయింది గేజి కాదు, నీ బుర్ర. కరెంటు పెట్టి ఆడించు, చూస్తాను."

ఎర్ల్ ఆడించాడు. కాఫీ గాస్టన్ ప్యాంటు మీద పడింది. ఇక ఏడాదిపాటు ఈ మాట మీద ఏడిపిస్తాడని ఎర్ల్ పళ్లు కొరుక్కున్నాడు. గాస్టన్ ప్యాంటు దులుపుకున్నాడు. కాసేపు రోబో వైపు చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నోరీన్ వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది.

"బేరింగులు ఇంకోసారి మార్చి చూడరా," అన్నాడు చివరికి. గేజి పెట్టెలో సర్దుకుని, డోనట్ కూడా ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

వాడికి కుళ్లు అన్నాడు ఎర్ల్. నోరీన్ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నానికి బేరింగులు మళ్లీ మార్చాడు. కప్పు పెట్టాడు. మళ్లీ ఒలికింది. అంతే, ఎర్ల్ గ్లోవు పీకి నేలకేసి కొట్టి సుత్తి అందుకున్నాడు.

"ముక్కలు చేసి చెత్తలో పారేస్తాను. రేపు రావట్లేదని వాళ్లకి నువ్వే చెప్పు. నా చేతులతో చేసింది ఇలా తగలడిందని చెప్పు."

ఏడుపొచ్చింది. అంత మనిషీ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

నోరీన్ వచ్చి అతని చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టింది. భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. లోపలికి వెళ్లి కాఫీ పాత్ర తెచ్చింది. ఈ మధ్యకాలంలో మొదటిసారి కప్పు అంచుదాకా నింపి రోబో ముందు పెట్టింది. ఇన్నాళ్లూ ఆ రోబోని ఒక్కసారీ ముట్టుకోని మనిషి, వంగి కిందపడ్డ గ్లోవు తీసింది.

"నీకది రాదు. ఉన్నది కాస్తా పాడుచేస్తావు," అన్నాడు ఎర్ల్.

నోరీన్ గ్లోవు తొడుక్కుని మెల్లగా చెయ్యెత్తింది; రోబో ఆ నిండు కప్పుని ఎర్ల్ కళ్లదాకా ఎత్తి అలాగే పట్టుకుంది, ఒక్క చుక్క ఒలకలేదు.