అత్త కాలికి కట్టు

పైడితల్లి చీలమండ పైన పుండు పడి మూడేళ్లయింది. ఆస్పత్రివాళ్లు చుట్టిన, పుండు సంగతి ఎప్పటికప్పుడు వాళ్లకు చేరవేసే తెలివైన కట్టుకూ, ఆమె దోసెల బండి మీది పొయ్యికీ లంకె ఉంది. గంటకు మించి నిలబడితే కట్టు పొయ్యి ఆర్పేసేది. కాలు ఎత్తిపెట్టి కూర్చుంటేనే మళ్లీ వెలిగించేది. విసిగిపోయి పైడితల్లి దాన్ని విప్పి, మంచం దిగలేని అత్త కాలికి చుట్టింది. ఆపైన పొయ్యి ఆరలేదు.

రెండు నెలలకు నర్సు ఫోన్ చేసింది.

"నీ పుండు పూర్తిగా మానిపోయిందని కట్టు చెప్పిందమ్మా. ఇంక ఆస్పత్రికి రానక్కర్లేదు. నీ పేరు తీసేశాం."

"మంచిది సిస్టరుగారూ."

మంచం మీంచి అత్త అడిగింది. "అది నా కాలని సెప్పవేటే?"

"సెప్తే పొయ్యి ఆరిపోద్దత్తా."

రసికి తడిసిన పాతచీర పీలికను తన కాలికి ఇంకాస్త బిగించి, పైడితల్లి పిండి గిన్నె ఎత్తుకుంది.