బాణం గుర్తు

"బిగించి వారం కాలేదు, అప్పుడే గీజరు కాల్చి పెట్టింది!" రిపేరుకని నేను పడవలోకి దిగగానే, దాని యజమాని టార్చి తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు. "పట్టుకో, ఆ పనైనా చెయ్యి. నీళ్లు నింపకుండా స్విచ్చేస్తే కాలదా? బుర్ర ఉంటే కదా!"

"నింపానండీ. పంపు ఆగేదాకా చూసి, అప్పుడే వేశాను."

"నోర్ముయ్."

ఇలాంటి మొగుళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. పడవకు తాడు కట్టడం చేతకాదు గానీ, ఇంట్లో మాత్రం పెద్ద కెప్టెను.

ఆయన పైకెళ్లి కుర్చీలో చేరబడ్డాడు. నేను ఇంజను పక్కన బోర్లా పడుకుని గీజరు విప్పాను. లోపల చుక్క నీరు లేదు. చన్నీళ్ల గొట్టాన్ని తడుముకుంటూ పోతే వాల్వు తగిలింది. నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వది. దాని మీది బాణం గుర్తు గీజరు వైపు కాకుండా పంపు వైపు చూస్తోంది. ఇక లోపలికి నీళ్లెలా పోతాయి? దారి మూసుకుపోయినా పంపు దానంతటదే ఆగిపోతుంది.

బిగించింది నేనే. "పంపు ఆగిందంటే నిండినట్టేనమ్మా" అని ఆవిడకు చెప్పిందీ నేనే.

టార్చి వెలుగు ఆ బాణం మీదే నిలబడింది.

వాల్వు తిప్పి బిగించాను. కాలిన కాయిల్ మార్చాను.

"ఏం తేలిందయ్యా?" పైనుంచి కేక.

"నీళ్లు లేకుండా స్విచ్చేశారండీ," అన్నాను.

"చెప్పానా!"

ఆవిడ టార్చి ఆర్పి, గుడ్డ అందించింది.

"చేతులు తుడుచుకోండన్నా. బాణం ఇప్పుడు సరిగ్గానే ఉందిగా?"