ముత్తవ్వ సున్నం డబ్బి

"నీ కథలో ఈ సున్నం డబ్బి దేనికి ప్రతీక? చెప్పమ్మా!"

న్యాయనిర్ణేత రఘుపతి సారు మైకు ముందుకు జరిపారు. స్వర్ణలత మైకును రెండు చేతులా పట్టుకుంది. పదో తరగతి పిల్ల. ఆలేరు పక్క పల్లె నుంచి నల్లగొండ దాకా రావడం, వేదిక ఎక్కడం ఇదే మొదలు.

నిజాం కాలపు ఆడవాళ్ల మీద కథల పోటీ అది. గెలిచిన కథను పుస్తకంలో వేస్తారు. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఎంత ఆశో ఆమె డైరీకి మాత్రమే తెలుసు.

కథలో ముత్తవ్వ రాజమ్మ మగ్గం నేస్తుంది. దొర మనుషులు వచ్చి చీరలు ఎత్తుకుపోతుంటే, "నా సున్నం డబ్బి ఏడ వాయె?" అంటుంది. పెనిమిటిని జైలుకు ఈడ్చుకుపోతుంటే, "గీడనే పెట్టిన గద!" అంటుంది. తుపాకులకు భయపడి ఊరంతా జొన్నచేన్లో నక్కితే ఆమె ఒక్కతే, "జర లేసి సూడు బిడ్డా!" అంటుంది.

"సున్నం తెలుపు. అంటే శాంతి," అన్నారు సారు.

"కాదు సార్. మూత పెట్టిన డబ్బి అంటే ఆడదాని నోరు." పక్కనే ఉన్న మరో న్యాయనిర్ణేత సావిత్రమ్మ మేడం కళ్లు తుడుచుకున్నారు. "'లేసి సూడు' అంటే తిరగబడమని పిలుపు!"

హాలంతా చప్పట్లు.

సారుకు మాత్రం అనుమానం తీరలేదు. "ఈ వయసులో ఇంత లోతా? ఎవరు రాసిచ్చారు? నిజం చెప్పకపోతే కథను పక్కన పెడతాం."

స్వర్ణలతకు ఏడుపొచ్చింది. "ఎవ్వరు రాసియ్యలే సార్. మా అవ్వ నూలు కండెలు చుట్టుకుంట తన అత్త కథ చెప్పింది. నేను చాప మీద కూసొని, ఒక్క మాట ఇడువకుండ రాసిన."

"ఏరీ ఆవిడ?"

ముందు వరుసలో ఆకు వక్క నములుతున్న సుగుణమ్మ లేచింది. సారు చేతులు జోడించారు.

"అమ్మా, మీరు అవునంటే బహుమతి మీ మనవరాలిదే. ఒక్కటి చెప్పండి. మీ అత్తగారి డబ్బి చివరికి దొరికిందా?"

సుగుణమ్మ నడుముకు చెక్కుకున్న డబ్బి తీసి, పైకెత్తి చూపించింది.

"మా అత్తది గాదు సారూ, నాది, కథ చెప్పుకుంట నేను ఎన్నిసార్లు అడిగినా లేవకుండ, గీ పోరి దాని మీదనే కూసొని రాసింది!"