ఆనపబుర్ర

“అమ్మా అని పిలవకు. నువ్వు నా కూతురివి కాదు.”

వీరాయమ్మ తల తిప్పకుండానే ఆ మాట అంది. పందిరి మీంచి ఎండిపోయిన చిక్కుడు పాదు లాగుతోంది. ఆకులు పొడైపోయి ఆవిడ నెత్తి మీద రాలుతున్నాయి.

పెరటి గుమ్మంలో నిలబడ్డ హేమ చేతిసంచి కింద పెట్టింది. తెల్లారకుండానే ఓడలరేవులో బస్సెక్కి, అమలాపురంలోనూ రావులపాలెంలోనూ మారి, జొన్నాడలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటకి ఎగిరిపోయాయి.

“నాలుగు ఆనప గింజలిస్తే వెళ్ళిపోతానండి,” అంది.

“కొట్లో దొరుకుతాయి.”

“దొరుకుతాయండి. తెచ్చేను కూడాను. ఆయన నాటనివ్వలేదు. తుఫానుకి పందిరి పడిపోయిన చోటు ఇప్పటికీ బోడిగానే ఉందండి. ఈ పెరటి గింజలైతేనే మళ్ళీ రాటలు పాతుతానన్నారు.”

వీరాయమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత తీగని మరింత గట్టిగా లాగింది.

గింజలు లేక కాదు. వంటింట్లో పొయ్యికి పైన, పొగ తగిలేచోట, ఎండిన ఆనపబుర్ర వేలాడుతూనే ఉంది. వీరాయమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం అది, వాళ్ళమ్మకి అమ్మమ్మ ఇచ్చింది. ఆ ఇంటి ఆడపిల్లకి తప్ప మరొకరికి వెళ్ళదు. ప్రహరీగోడ అవతలి కాంతమ్మకి లేతకాయలు బుట్టలకొద్దీ ఇచ్చింది గానీ, ఎంత అడిగినా ఒక్క గింజ విదల్చలేదు.

ఆ కాంతమ్మే ఇప్పుడు గోడ మీంచి తొంగిచూసింది.

“పెళ్ళికి ఎలాగూ వెళ్ళలేదు. గుమ్మంలోకొచ్చిన పిల్లనైనా రమ్మనవేంటి వదినా? నాగబాబు నీ కాళ్ళు పట్టుకుని మరీ అడిగేడు కదా పాపం.”

“అడిగేడు. చేసుకోమన్నాను. నన్ను మాత్రం రమ్మనకు అన్నాను. అవతల నీ పప్పు మాడుతున్నట్టుంది, చూసుకో.”

కాంతమ్మ తల గోడ వెనక్కి దిగిపోయింది. హేమ కొంగు నడుముకి దోపుకుంది. లాగేసిన తీగలు మోపు కట్టి మూల పడేసింది. గునపం తీసి పాదు తవ్వి, మాగిన పెంట గంపతో తెచ్చి కలిపింది. ఊగుతున్న రాటల్ని కొబ్బరితాడుతో బిగించింది. ఎండకి వాలిపోతున్న వంగనారు మీద కొబ్బరాకులు కప్పి, చేతిపంపు కొట్టి నీళ్ళు చల్లింది. వీరాయమ్మ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు.

మధ్యలో దాహానికి లోపలికి వెళ్ళిన హేమ, నడవాలో దండ వేసిన ఫొటో ముందు ఆగి దణ్ణం పెట్టుకోవడం ఆవిడ ఓరగా చూసింది.

“మీరు కూడా ఆనప పెట్టలేదేంటండి?” తిరిగొచ్చి అడిగింది హేమ.

“తుఫాను పట్టుకుపోయింది కదా అంతా. ఇంకెవరి కోసం పెట్టను?”

“గింజ పాతబడిపోతుందండి. ఈ వేసవి దాటితే మొలవదేమో.”

ఆ భయం వీరాయమ్మకీ ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనిది అదే. తన చేతిలోనే ఆ విత్తనం చచ్చిపోతే వాళ్ళమ్మకి ఏం జవాబు చెప్పుకోవాలి? లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి మెట్టు మీద పెట్టింది. వెనకే బుర్ర దించి తెచ్చింది. దాని మెడ దగ్గర బిరడా తీసి విదిలిస్తే ఒక గింజ అరచేతిలో పడింది.

“పెట్టు చూద్దాం.”

హేమ గింజ ముక్కు కిందికి ఉండేలా మట్టిలోకి నొక్కి, పైన మన్ను సర్దింది. అటూ ఇటూ వెతికి, ఓ కొబ్బరిచిప్ప తెచ్చి దాని మీద బోర్లించింది. తూర్పువైపు అంచు కింద చిన్న గులకరాయి పెట్టి సందు ఉంచింది.

“కోళ్ళు కెలక్కుండానండి. పొద్దుటెండ మాత్రం తగలాలి.”

వీరాయమ్మ ఆ చిప్పనే చూస్తూ ఉండిపోయింది. చుట్టుపక్కల ఏ పెరట్లోనూ అలా రాయి పెట్టరు. ఆ పద్ధతి తనది. కూతుర్ని చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్పింది.

“వాడు మర్చిపోలేదన్నమాట,” అంది.

“ఆయనే నేర్పేరండి. ఏదీ మర్చిపోలేదు. తలుచుకోని రోజు లేదు.”

వీరాయమ్మ మెట్టు మీద కూలబడింది. ఈ పిల్ల ముందు ఏడవకూడదని పొద్దుటినుంచీ పంతం పట్టింది గానీ, ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. ఓడలరేవులో ఈ ఇంటి ఊసే ఉండదని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది మరి. హేమ దగ్గరకొచ్చి కూర్చుంది గానీ, ముట్టుకునే ధైర్యం చెయ్యలేదు.

కాసేపటికి వీరాయమ్మ కళ్ళు తుడుచుకుని, బుర్ర మొత్తం హేమ ఒళ్ళో పెట్టింది.

“నాలుగు చాలండి.”

“నాకు ఇందాక పెట్టిందొకటి చాల్లే. తొలికాయ కొయ్యకు, విత్తనానికి వదిలెయ్యి.”

“ఆయ్.”

“కాపుకొచ్చేక కనపడు. వాణ్ణీ తీసుకురా. నేనేమీ అనను.”

“ఆయ్, వస్తామమ్మా.”

ఈసారి ఆ పిలుపుని వీరాయమ్మ వద్దనలేదు.

హేమ బుర్రని పసిపిల్లలా పొదువుకుని, సందు మలుపు తిరిగి బస్సుకి వెళ్ళిపోయింది. గోడ మీదికి మళ్ళీ కాంతమ్మ తల వచ్చింది.

“మొత్తం ఇచ్చేసేవా వదినా?”

వీరాయమ్మ మట్టిచేతులు కడుక్కుని, నాలుగు నందివర్ధనాలు కోసుకుని లోపలికి వెళ్ళింది. నడవాలో ఫొటోకున్న ఎండిన దండ తీసేసి, పూలు పెట్టి, అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

“గాయత్రీ, నీ మొగుడింట్లో మళ్ళీ నీ గింజలే మొలుస్తాయమ్మా,” అంది.