మడిచిన ఆకులు

కూతురు పెంచుకునే నీటిబల్లి తొట్టిలోకి తల్లి ముచ్చటపడి గట్టి ఆకుల మొక్క తీస్తే, దుకాణదారు వద్దన్నాడు. "మెత్తటివి తీసుకోండమ్మా. నీటిబల్లి ఒక్కో గుడ్డునీ ఒక్కో ఆకులో మడిచి దాచుకుంటుంది."

నెలైనా గుడ్లు లేవు. ఆకులు మాత్రం రోజూ మడిచి ఉండేవి, ఖాళీగా. "పిచ్చితల్లి," అనుకునేది ఆమె.

ఒక రాత్రి, జ్వరంతో ఉన్న పిల్ల ఎప్పటిలాగే దుప్పటి తన్నేసి ఉంటుందని లేచి వెళ్లింది. దుప్పటి పిల్ల చుట్టూ పొందికగా మడిచి ఉంది.

"ఏమండీ, మీరు కప్పారా?"

"నా దుప్పటి నువ్వు లాగేసుకున్నా నాకు మెలకువ రాదు కదే!" అన్నాడు భర్త పక్కగదిలోంచి.

దుప్పటి అంచు తడిగా తగిలింది. పిల్లకి జ్వరం దిగి, ఊపిరి హాయిగా ఆడుతోంది. చీకట్లో, పిల్ల మంచం పక్కనున్న తొట్టి నీళ్లు చిన్నగా కదిలాయి.

బిగించి ఉన్న తొట్టి మూతను ఆమె వేలెడంత తెరిచిపెట్టి, వెళ్లి పడుకుంది.