ఒక్కడూ ఆగలే

మైకు సరిచూసుకుంటుండగా ఒక పెద్దాయన నేరుగా స్టేజీ ఎక్కి వచ్చేశాడు.

భుజం మీద గొంగడి. చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు.

"నువ్వేనా బిడ్డా గ్రేస్ అంటే?"

గ్రేస్ గిటార్ మీద నుంచి తలెత్తింది. నల్లగొండ కాలేజీ మైదానం ఇంకా ఖాళీగానే ఉంది. ప్రోగ్రాం ఆరింటికి.

"నేనే కాకా. ఫోటో కావాల్నా?"

"వద్దు. నా పేరు కురుమయ్య. గొర్లు కాసేటోన్ని. నీ పాటల ఒక మాట ఉన్నది. జర మార్చరాదు?"

గ్రేస్‌కు నవ్వొచ్చింది.

ఆమె పాట మార్చమన్నవాళ్లు తక్కువేం కాదు. గిటార్ల మోతలో ఈ యాస ఏంటని ఒకరు. సినిమాలో పెట్టుకుంటాం, కాస్త మెత్తగా రాయమని ఇంకొకరు. ఆమె ఒక్క అక్షరం కదపలేదు.

తిరుమలగిరి చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల. తనే రాసుకుంది, తనే బాణీ కట్టుకుంది, కిరాయి గదిలో రికార్డు చేసి ఫోన్లలోకి వదిలింది. మూడేళ్లు తిరిగేసరికి ఆమె గొంతు వినబడని హాస్టల్ లేదు.

అన్నిటికంటే జనం నోట నిలిచిన పాట ఒకటుంది. నార్కట్‌పల్లి దగ్గర లారీ గుద్ది చనిపోయిన తన తండ్రి గురవయ్య మీద రాసిన పాట.

"ఏ మాట కాకా?"

"ఒక్కడూ ఆగలే అంటవు గదా. గదే మాట."

గ్రేస్ ముఖంలో నవ్వు పోయింది.

"మా నాయిన అరగంట రోడ్డు మీద పడి ఉన్నడు. ఎన్ని కార్లు పోయినయ్, ఎన్ని బస్సులు పోయినయ్. ఒక్కడూ ఆగలే. ఉన్నదే రాసిన."

"ఎవడో ఒకడు ఆగి ఉంటడు బిడ్డా."

"ఆగితే మాకు తెల్వదా?"

కురుమయ్య ఏదో అనబోయి, గొంగడి సర్దుకున్నాడు.

"నాయిన దిక్కు లేకుండ పోయిండని నీ మనసుల ఉంటది గదా. అందుకని అంటున్న."

"ఆ బాధల నుంచే పాట వచ్చింది కాకా. పెద్దపెద్దోళ్లు చెప్తేనే మార్చలే. నా పాట నాది."

"గ్రేస్, ఇంకోసారి వాయించు!" సౌండు చూసే రాజేశ్ కింది నుంచి అరిచాడు.

ఆమె తీగలు మీటింది. స్పీకర్లు దద్దరిల్లాయి. తల తిప్పి చూసేసరికి కురుమయ్య మెట్లు దిగి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

ఆ సాయంత్రం మైదానం మొత్తం ఆమెతో గొంతు కలిపింది. ఒక్కడూ ఆగలే.

రెండు నెలల తర్వాత మహబూబ్‌నగర్‌లో ప్రోగ్రాంకు ముందు ఒక కాలేజీ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, నా పేరు శ్రీవాణి. కురుమయ్య బిడ్డను."

గ్రేస్ గుర్తుపట్టింది.

"మీ బాపు మంచిగున్నడా? మాట మార్చలేదని కోపం పోయిందా?"

"బాపు పోయి ఇరవై రోజులైతాందక్కా."

గ్రేస్ గిటార్ పక్కన పెట్టింది.

"నీ పాట నా ఫోన్‌ల ఇన్నడు. అప్పటి నుంచి ఊకోలే. గా పిల్లకు చెప్పొస్త అని నల్లగొండకు వచ్చిండు. చెప్పినవా అంటే, ఎట్ల చెప్పుకుంట, నా డప్పు నేనే కొట్టుకోవాల్నా అన్నడు."

"ఏం చెప్పుదామని వచ్చిండు?"

"మీ నాయినను లారీ గుద్దిన పొద్దు బాపు అదే తొవ్వల గొర్లు తోలుకొని వస్తుండె. చెయ్యి అడ్డం పెడితే ఒక్క బండి ఆగలేదంట. తన గొర్లన్ని రోడ్డు మీద చెదిరిపోయినా బాపు అటు దిక్కు చూడలే. పోలీసోళ్లు వచ్చినంక భయపడి తప్పుకున్నడు. అందుకే ఎవరికీ తెల్వదు."

శ్రీవాణి గ్రేస్ చెయ్యి పట్టుకుంది.

"అప్పటిదాక మీ నాయిన తల మా బాపు ఒళ్లోనే ఉండె, అక్కా."