అబద్ధాలకోరు బండి

కనుమ దారిలో గంగమ్మ గుడి మలుపు వచ్చినప్పుడల్లా రెడ్డెమ్మ తన టమాటా బండిని ఆపి, దండం పెట్టుకున్నాకే ముందుకు కదిలేది. బండ్లన్నీ తమలో తాము మాట్లాడుకునే కాలం కదా, ఆమె బండి కూడా వెనక వచ్చేవాటికి "ఆగుతున్నాను" అని చెప్పేది. అడ్డమేమీ లేని చోట రోజూ ఆగడమేమిటని, బండ్ల మాటల్లో నిజానిజాలు కనిపెట్టే కాపలా యంత్రానికి అనుమానం వచ్చింది. బండిలోకి ఎవరో దొంగ చొరబడి తప్పుడు మాటలు పంపుతున్నాడని తేల్చి, నిన్న దాన్ని వెలివేసింది. ఇక దాని మాట ఏ బండీ వినదు.

"అమ్మవారికి దండం పెట్టేది గూడా దొంగతనమేనా?" అని రెడ్డెమ్మ ఆ యంత్రాన్ని నడిపే ఆఫీసుకు ఫోను చేసి అరిస్తే, "మీ ఫిర్యాదును నలభై రోజుల్లో పరిశీలిస్తాం" అని ఒక తియ్యటి గొంతు జవాబిచ్చింది.

ఈరోజు ఆమె దండం పెట్టుకుంటూ ఉండగానే కొండ మీంచి బండరాయి దొర్లి దారికి అడ్డంగా పడింది. బండి "రాయి, రాయి" అని మొత్తుకుంటూనే ఉంది. కింది మెలికలో వస్తున్న కార్లు మాత్రం వేగం తగ్గించలేదు. రెడ్డెమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎర్ర తువ్వాలు ఊపుతూ, "ముందర రాయి పడింది" అని అరుస్తూ మలుపు అవతలికి పరుగెత్తి, రోడ్డు నడిమధ్యలో నిలబడింది.

మొదటి కారు ఆమెకు మూరెడు దూరంలో కీచుమంటూ ఆగింది. అందులోంచి ఒక పెద్దమనిషి తల బయటపెట్టి కసిరాడు.

"చావడానికి నా కారే దొరికిందా? ముందు రాయి ఉంటే నీ బండి చెప్పదా?"

"చెప్తానే ఉండాది సామీ. అది అబద్ధాలకోరని మీ కారుకు చెప్పి పెట్టినారు," అంది రెడ్డెమ్మ రొప్పుతూ. "నా గురించి ఇంకా చెప్పినట్టు లేదు."